బకెట్‌లో నేను కలిపిన మందు

మా కుక్కకు ఫిట్స్ రావడానికి పక్క చేను పెద్దాయన పెట్టిన ఎలుకల మందు కారణం కాదు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెట్టడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. మా ఊళ్లో ఎవరిని అడిగినా ఆయన మందే అంటారు. కోపంగా కూడా అనరు. అందరికీ తెలిసిన సంగతే కదా అన్నట్టు, "పాపం ముసలాయన ఎలుకలకు పెడితే సారోళ్ల కుక్క తిన్నది" అంటారు. ఆ అనుమానం మొదట పైకి అన్నది ఆయనే. దాన్ని ఖాయం చేసింది నేను.

మాది మర్రిగూడ వైపు ఒక ఊరు. అక్కడి ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే మూడెకరాల పత్తి. పత్తికి అవతల గట్టు, గట్టు దాటితే ఆ పెద్దాయన పల్లి చేను. ఆయన్ని నేను కాకా అంటాను, ఆయన నన్ను సారు అంటాడు. మా నాయిన ఆయన వయసువాడే. ఒకప్పుడు ఇద్దరూ ఒకే దొర దగ్గర ఉండేవాళ్లు, కాక పాలుకు చేసేవాడు, మా నాయిన బర్రెల దగ్గర జీతం ఉండేవాడు. మా నాయినను ఊళ్లో ఎవరూ ఏనాడూ "అరే" తప్ప ఇంకో మాటతో పిలవలేదు. నన్ను ఆ ఊరే సారు అంటుంది. ఆ పిలుపు నాకెంత ముఖ్యమో తర్వాత జరిగింది చదివితే తెలుస్తుంది.

కుక్కను మా బిడ్డ తెచ్చింది. అప్పుడు బిడ్డకు పదేళ్లు. బడిలో మధ్యాహ్నం అన్నం తినేచోట తిరిగే ఎర్రటి కుక్కపిల్ల. ఒక కాలి వేళ్లు మాత్రం సున్నం తొక్కినట్టు తెల్లగా ఉండేవి. ఏడాదిలో బాగా ఎదిగింది. నేను బడి నుంచి వస్తుంటే బండి చప్పుడు గుర్తుపట్టి మలుపు దాకా ఎదురొచ్చేది.

ఆ ఏడు వానలు వెనకపట్టే కాలంలో దానికి పిడుదులు పట్టాయి. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో, మెడ కింద ఆముదం గింజల్లా ఉబ్బి వేలాడేవి. బిడ్డ రోజూ బడి నుంచి రాగానే కూర్చుని ఒక్కొక్కటి తీసి కిరోసిన్ గిన్నెలో వేసేది. "డాడీ, పశువుల దవాఖానకు తీస్కపోదాం" అని నాలుగుసార్లు అడిగింది. శనివారం అన్నాను. శనివారం వస్తే మళ్లీ శనివారం అన్నాను.

ఒక ఆదివారం నా భార్యా, బిడ్డా ప్రార్థనకు చర్చికి పోయారు. పత్తికి పచ్చదోమ పట్టిందని నేను ఇంటి దగ్గర ఆగిపోయాను. పొద్దున్నే వీపుకు పంపు తగిలించుకుని రెండెకరాలు కొట్టి వచ్చాను. సీసా అడుగున కొంచెం మందు మిగిలింది. కుక్క గడప దగ్గర కూర్చుని వెనక కాలితో చెవి గోక్కుంటోంది. గోకీ గోకీ చెవి వెనక పుండయింది.

మా వైపు ఇది కొత్త పని కాదు. పత్తి మందు మిగిలితే నీళ్లలో కలిపి గుడ్డ ముంచి బర్రెలకు తుడిస్తే పిడుదులు రాలిపోతాయి. మా నాయిన దొర బర్రెలకు అట్లాగే తుడిచేవాడు. చిన్నప్పుడు పక్కన నిలబడి చూశాను. రాలిన పిడుదులను కోళ్లు తినకుండా ఊడ్చి మట్టిలో పూడ్చిపెట్టడం నా పని.

బకెట్‌లో సగానికి తక్కువే నీళ్లు పట్టాను. సీసా మూత తీసి, మూత నిండా మందు పోసి, అందులో ఒంపేశాను. పంపుకు ఒక మూత అనేది నా చేతికి అలవాటైన కొలత. వీపు మీద మోసే పంపులో పదహారు లీటర్లు పడతాయి. బకెట్‌లో నాలుగు కూడా ఉండవు. ఆ లెక్క నాకు తట్టలేదు. తట్టకపోవడానికి నేను చదువురానివాణ్ని కాదు. పురుగుల మందు చర్మంలోంచి కూడా ఒంట్లోకి దిగుతుందని, చల్లిన బట్టలతో అన్నం తినకూడదని, ఖాళీ సీసాలు ఇంట్లో వాడకూడదని ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా బోర్డు మీద రాసేది నేనే.

చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని గుడ్డ ముంచి దాని ఒళ్లంతా తుడిచాను. అంటే నా చేయి గురించి నాకు జాగ్రత్త ఉందన్నమాట. చెవుల లోపల తుడిచాను. పుండు మీదా తుడిచాను. అది కదలకుండా నిలబడింది. నేను మంచి చేస్తున్నానని దానికి నమ్మకం. అయిపోయాక నా మోకాలికి తల ఆనించి, పక్కకు పోయి ఒళ్లు నాక్కోవడం మొదలుపెట్టింది. నేను బకెట్ కడిగి స్నానాలగది వెనక బోర్లించి, మంచం మీద నడుము వాల్చాను.

చర్చి నుంచి వాళ్లు వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. బిడ్డ గొంతు విని లేచాను.

"డాడీ, దీనికి చలి పెడ్తాందా?"

కుక్క మంచం కింద పడుకుని వణుకుతోంది. నోట్లోంచి చొంగ తీగలా కారి నేల తడిసింది. కండ్లలో నీళ్లు. చర్మం కింద ఏదో పాకుతున్నట్టు తొడల మీద కండ ఒకచోట అదిరి ఆగి, ఇంకోచోట అదురుతోంది. బిడ్డ పిలిస్తే లేవబోయింది. ముందు కాళ్లు లేచాయి, వెనక కాళ్లు లేవలేదు. అంతలోనే మెడ వెనక్కి విరిగినట్టు వంగింది, నాలుగు కాళ్లూ కర్రల్లా బిగిశాయి. పండ్లు కొరికే చప్పుడు. గోళ్లు గచ్చు మీద టకటకా కొట్టుకున్నాయి. మంచం కోడుకు తల తగులుతుంటే బిడ్డ కేక పెట్టింది.

నా భార్య నడుముకున్న తాళాల గుత్తి తీసి దాని కాలి కింద పెట్టింది. ఫిట్స్ వస్తే చేతికి ఇనుము పట్టించాలని మాలో అంటారు. కుక్కకు చేయి ఎక్కడిదని అప్పుడెవరం ఆలోచించలేదు. "యేసయ్యా, యేసయ్యా" అంటూ ఆ కాలును తాళాల మీద అదిమి పట్టుకుంది. ఆ కాలు ఆమె చేతినీ ఊపేస్తోంది.

నేనేం చేశానో రాయాలి. లేచి స్నానాలగది వెనక్కి పోయాను. బోర్లించిన బకెట్ అక్కడే ఉంది. గోడ పక్కనున్న మందు సీసాను తీసి కట్టెల కుప్ప వెనక పెట్టాను. కుక్క చచ్చిపోతుందేమోనన్న భయం కన్నా ముందు నాకు కలిగిన భయం అది.

బిడ్డ కేక విని గట్టు దాటి కాక వచ్చాడు. ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగీ తాగీ ఆయన మెడ తిరగదు, నడుము వంగదు. ఎవరినైనా చూడాలంటే మనిషి మొత్తం తిరగాలి. గుమ్మంలో అట్లా తిరిగి కుక్కను చూసి, గోడ పట్టుకుని నిలబడిపోయాడు.

"సారు, నిన్న పొద్దుగూకంగ గట్టు పొంటి ఎలుకలకు పెట్టిన. నూకలల్ల నూనె వోసి, మందు కలిపి పొట్లాలు కట్టిన. గది గిట్ల తిన్నదా ఏంది?"

గదిలో అందరూ నావైపు చూశారు.

"తిన్నది కాకా," అన్నాను. "పొద్దున గట్టుకాడ మూతి పెట్టుడు నేను చూసిన."

ఆ మాట అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన కింద కూలబడాలనుకున్నాడేమో, మోకాళ్లు వంగక గోడకే ఆనుకుని ఉండిపోయాడు.

ఆటోలో మండలం దవాఖానకు పోయాం. కుక్కను బస్తాలో చుట్టి నా భార్య ఒళ్లో పెట్టుకుంది. బిడ్డ నా పక్కన కూర్చుంది. కాక కూడా వస్తానని డ్రైవర్ పక్కన ఎక్కాడు. దారిలో మళ్లీ ఫిట్స్ వచ్చాయి. మలుపు దగ్గర ఆటో ఆగితే టీ తాగుతున్నవాళ్లు తొంగి చూసి, "పిచ్చి లేసినట్టుంది, కింద పడేయుండ్రి, కరుస్తది" అన్నారు. "నీకు లేసింది పిచ్చి," అంది నా భార్య. మామూలుగా ఆమె ఎవర్నీ మాట అనే మనిషి కాదు.

ఆదివారం కాబట్టి దవాఖానకు తాళం. డాక్టర్ ఆ ఊళ్లోనే కిరాయికి ఉంటుంది. చిన్న వయసు అమ్మాయి. ఫోన్ చేస్తే తడి తలకు తుండు చుట్టుకునే వచ్చి తాళం తీసింది. బల్ల మీద పడుకోబెట్టి, సెల్లు లైటు వేసి కుక్క కన్ను చూసింది.

"కంటిపాప సూదిమొనంత అయింది. ఏం తాకింది దీనికి?"

"ఎలుకల మందు తిన్నది మేడం," అన్నాడు కాక. "నేను పెట్టిందే."

"తినేది ఎవరన్నా చూసిన్రా?"

"నేను చూసిన," అన్నాను.

"పొట్లం ఉందా?"

"లేదు."

ఆమె ఇంజెక్షన్ చేసింది. సెలైన్ పెడుతూ వంగి దాని మెడ దగ్గర వాసన చూసింది.

"సార్, దీని ఒంటి మీద మందు వాసన వస్తాంది."

"పొద్దున పత్తికి కొట్టిన మేడం. నా అంగి వాసన."

అది నిజమే. చల్లిన అంగి ఇంకా నా ఒంటి మీదే ఉంది. నిజాన్ని అబద్ధానికి వాడడం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. ఆమెకు అనుమానం తీరలేదు. "ఎలుకల మందైతే ఒక తీరు చూడాలె, పురుగుల మందైతే దానికి విరుగుడు వేరే ఉంది. ఒంటికి తాకిందైతే ముందు కడగాలె. మల్లొకసారి యాది చేసుకోండి," అంది.

కాక గోడకు ఆనుకుని నన్నే చూస్తున్నాడు. నా భార్య కుక్క తల పట్టుకుని ఉంది. "యాది చేసుకునేది ఏం లేదు మేడం," అన్నాను.

ఒక బకెట్ నీళ్లు, ఒక సబ్బు. ఆ దవాఖాన వాకిట్లోనే నల్లా ఉంది.

ఇంటికి తెచ్చాం. మళ్లీ మళ్లీ వచ్చాయి. ఒకటి ఆగి, అది ఊపిరి పీల్చుకుంటుంటే, ఇంకోటి ఎప్పుడు మొదలవుతుందా అని గచ్చు మీద గోళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాం. బిడ్డ లేవనంది. చాప మీద దాని పక్కనే పడుకుని, మెడ చుట్టూ చేయి వేసి, చెవి దగ్గర ఏదో చెబుతూ అట్లాగే నిద్రపోయింది. నేను చూస్తూనే ఉన్నాను. ఆ బొచ్చుకు తగులుతున్న చెంప ఎవరిదో చూస్తూ కూడా నాకు తట్టలేదు.

తెల్లవారేటప్పుడు బిడ్డ లేచి కూర్చుంది.

"డాడీ, కండ్లు మండుతున్నయ్. కక్కొస్తాంది."

దీపం కింద దాని మొహం చూశాను. కండ్లు ఎర్రగా ఉండి నీళ్లు కారుతున్నాయి. కుడి రెప్ప దానంతటదే అదురుతోంది. చిన్నగా, ఆగి ఆగి. కుక్క తొడ మీద నిన్న మధ్యాహ్నం చూసిన అదురే.

నా జీవితంలో అంత భయం అంతకుముందు లేదు, తర్వాత లేదు. బిడ్డను ఎత్తుకుని స్నానాలగదిలోకి పరుగెత్తి, బట్టలతోనే నిలబెట్టి, నెత్తి మీద నీళ్లు గుమ్మరించాను. సబ్బు అరిగేదాకా తల, చేతులు, మెడ రుద్దాను. అది ఏడుస్తోంది. నా భార్య తలుపు కొడుతోంది. "ఏమైంది? బిడ్డకు ఏమైంది? చెప్పు." నేను చెప్పలేదు. "నా అంగి ముట్టుకున్నట్టుంది, మందు అంటింది," అన్నాను. ఆ అంగిని ఆమె ఆ పొద్దే కిరోసిన్ పోసి కాల్చేసింది. కాలుతున్నంతసేపు దాన్ని కర్రతో కొడుతూనే ఉంది.

స్నానాలగది వెనక నిలబడి పశువుల డాక్టర్‌కు ఫోన్ చేశాను. జరిగిందంతా చెప్పాను. ఏ మందో, ఎంత పోశానో, ఎన్ని గంటలకో. బిడ్డ కండ్ల సంగతీ చెప్పాను.

"ముందు బిడ్డను నల్గొండ తీస్కపోండి. సీసా వెంట పట్టుకపోండి. కుక్కను ఎవరికన్నా చెప్పి సబ్బు పెట్టి రెండుసార్లు కడిగిపియ్యండి. చేతులకు కవర్లు తొడుక్కోమనండి. నేను వస్తున్న." తర్వాత, "నిన్న చెప్తే..." అని ఆపేసింది.

కట్టెల కుప్ప వెనక నుంచి సీసా తీశాను. కుక్క కోసం తీయని సీసా.

కుక్కను కడిగింది ఎవరో కూడా చెప్పాలి. కాకే. పొద్దున్నే కుక్క ఎట్లుందో చూడడానికి వచ్చినవాడికి పని అప్పగించి మేం పోయాం. డాక్టర్ కడగమంది అన్నాను, ఎందుకో చెప్పలేదు. వంగలేని మనిషి దాన్ని రాతిబండ మీదకు ఎత్తించుకుని, నిలబడే కడిగాడట. ఆయన చేతులకు కవర్లు తొడిగి, మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండ్లు వేసింది నేనే. అంతవరకు మాత్రం చేశాను.

బిడ్డను ఒక రోజు దవాఖానలో ఉంచి పంపేశారు. భయం లేదన్నారు. మేం తిరిగి వచ్చేసరికి కుక్క లేచి నిలబడి ఉంది. పశువుల డాక్టర్ విరుగుడు ఇంజెక్షన్లు చేసి, మరునాడు కూడా వచ్చి చేసింది. బతికింది. కానీ అన్ని గంటలు ఆగకుండా ఫిట్స్ రావడంతో మెదడు దెబ్బతిన్నదని, ఇక ఇవి పూర్తిగా పోకపోవచ్చని ఆమె నాకు ఒక్కడికే చెప్పింది. అసలు సంగతి మాత్రం ఆమె ఊళ్లో ఎవరికీ చెప్పలేదు. నేను అడగకపోయినా చెప్పలేదు.

తర్వాత నాలుగేళ్లు ఆ ఫిట్స్‌తోనే బతికాం. పన్నెండు రోజులకో, ఇరవై రోజులకో వచ్చేవి. నల్గొండ నుంచి గోళీలు తెచ్చి, పొద్దునొకటి, సాయంత్రమొకటి బెల్లంలో పెట్టి మింగించేవాళ్లం. ఒక్క పూట తప్పినా భయం. వచ్చే ముందు అది గోడ వైపు మొహం పెట్టి నిలబడేది, లేకపోతే వచ్చి నా పాదం మీద తల పెట్టేది. అన్నిటికన్నా ఆ రెండోదే నాకు భరించరానిది. పెట్టిందంటే ఇల్లంతా లేచేది. నా భార్య పాత చీర మడత తల కింద పెట్టేది. నేను బల్లలు జరిపేవాణ్ని. బిడ్డ ఫోన్‌లో నిమిషాలు చూస్తూ, "ఒకటిన్నర... రెండు... డాడీ ముట్టుకోకు, నోట్లో చెయ్యి పెట్టకు, అదే ఆగుతది" అనేది. పదకొండేళ్ల పిల్ల అంత నిబ్బరంగా ఉంటే, నేను గోడకు ఆనుకుని నిలబడేవాణ్ని. ఆగిపోయాక అది లేచి గుడ్డిదానిలా గోడలకు గుద్దుకుంటూ తిరిగేది. మమ్మల్ని గుర్తుపట్టేది కాదు. గుర్రుమనేది. పావుగంట పోయాక బిడ్డ చేయి వాసన చూసి తోక ఊపేది. అప్పుడు ఊపిరి పీల్చుకునేవాళ్లం. తరగతిలో పిల్లలు బెంచీ జరిపితే గచ్చు మీద ఆ గీరుడు చప్పుడుకు నా చేతిలో చాక్‌పీసు విరిగేది.

ఇక కాక సంగతి. కుక్క బతికిన వారంలోనే ఆయన చెంబుతో బర్రెపాలు తెచ్చాడు. "సారు, ఇవి కుక్కకు. మీరు తాగకుండ్రి," అన్నాడు నవ్వుతూ. ఆ రోజు నుంచి రోజూ పొద్దున గట్టు దాటి వచ్చి దాని గిన్నెలో పాలు పోసేవాడు. "నా మనుమనికన్న ఇదే ఎక్కువ తాగింది. వానికి తెలిస్తే నా ఇంట్ల కూడు బందు వెడ్తడు," అనేవాడు. ఎలుకల మందు పెట్టడం మానేశాడు. ఆ ఏడు, మరుసటేడు ఆయన పల్లి సగం ఎలుకలే తిన్నాయి. "తిననియ్ సారు. మల్లొక పాణం తియ్యాల్నా?" అన్నాడు.

హోటల్ దగ్గర కుర్రాళ్లు ఆయన్ని ఆటపట్టించేవారు. "తాతా, మా కుక్క మీ గట్టు దిక్కు పోతాంది, జర చూడు, మల్ల పొట్లాలు గిట్ల కడతవేమో." ఆయన మొత్తం తిరిగి వాళ్లను చూసి టీ తాగేవాడు. పక్క బల్ల మీద నేనూ టీ తాగేవాణ్ని. నాలుగేళ్లు ఆ పాలు మా గిన్నెలో పోయించుకున్నాను.

పోయిన ఎండాకాలం చివర ఒక పొద్దున కుక్క నా పాదం మీద తల పెట్టింది. ఆ రోజు వచ్చింది ఆగలేదు. రెండు నిమిషాలు, ఐదు, పది. బిడ్డ ఫోన్ కింద పెట్టేసింది. డాక్టర్ వచ్చి రెండు ఇంజెక్షన్లు చేసి, దాని గుండె మీద చేయి వేసి చూసి, తల అడ్డంగా ఊపింది. ఆమె కూడా కాసేపు అక్కడే కూర్చుంది. పోతూ పోతూ నావైపు ఒక్కసారి చూసింది.

కాక పాలచెంబుతో వచ్చేసరికి దాన్ని దుప్పటి కప్పి వాకిట్లో పెట్టాం. ఆయన చూసి చెంబు గద్దె మీద పెట్టాడు.

"నా గట్టుకాడనే బొంద తీద్దాం సారు. నా పాపం నా జాగల్నే ఉండనియ్."

గడ్డపార నేను పట్టాను. ఆయన పక్కన నిలబడి ఎంత లోతో, ఎటు తలో చెబుతున్నాడు. నా భార్య, బిడ్డ దుప్పటి అంచులు పట్టుకుని దించారు. కాక చేతులు జోడించాడు. వంగలేడు కాబట్టి నిలబడే, "మన్నించు బిడ్డా. ఎరుక లేక పెట్టిన," అన్నాడు.

"కాకా, నీ మందు కాదు," అన్నాను.

ఆయన మెల్లగా నావైపు తిరిగాడు. గడ్డపార వదలకుండానే చెప్పాను. ఆదివారం, బకెట్, గుడ్డ, పుండు. గట్టు దగ్గర నేనేమీ చూడలేదని. అంతా చెప్పడానికి చాలాసేపు పడుతుందనుకున్నాను. నాలుగు ముక్కల్లో అయిపోయింది.

ఆయన ముందు అడిగింది రైతు అడిగే మాట.

"ఎంత వోసినవ్?"

"మూత."

"పంపుకా?"

"బకెట్‌కు. సగం లేవు నీళ్లు."

"మీ నాయిన గాబు నిండ నీళ్లు పట్టి నాలుగు చుక్కలేస్తుండె," అన్నాడు. "తుడిచినంక గడియ ఆగి మల్ల కడుగుతుండె. గది చూడలేదా నువ్వు?"

చూడలేదు. తుడిచేదాకా చూసి, పిడుదులు పూడ్చి, ఆటకు పరుగెత్తేవాణ్ని. చదువు లేదని, అరే అని పిలిపించుకున్నాడని నేను లోలోపల సిగ్గుపడిన మనిషికి ఆ పని నాకన్నా బాగా తెలుసు.

నా భార్య వంగి పిడికెడు మట్టి బొందలో వేసింది. బిడ్డ మాత్రం, "నా కండ్లు మండింది గందుకేనా?" అంది. అవునన్నాను. లోపలికి పోయి తలుపు వేసుకుంది.

కాక బొంద పూడ్చేదాకా ఉన్నాడు. పోయేటప్పుడు గద్దె మీది చెంబు తీసుకుని, "నాకొక్కనికి చెప్పి ఏం జేస్తవ్? హోటల్ కాడ చెప్పు," అన్నాడు. పాలచెంబు నిండుగా తిరిగిపోవడం అదే మొదటిసారి.

మరునాడు పోయాను. పదిమంది ఉన్నారు. టీ గ్లాసు పట్టుకుని నిలబడి చెప్పాను. ఒకాయన నవ్వి, "సారు మంచోడు. ముసలాయన మీద మాట పడొద్దని తన మీద ఏసుకుంటాండు," అన్నాడు. మిగతావాళ్లు తలూపారు. "మీరు సైన్సు సారు, గట్ల చేస్తరా?" అన్నాడు ఇంకొకడు. నేను మళ్లీ చెప్పాను. ఎంత చెబితే అంత మంచివాణ్నయ్యాను. టీ కూడా వాళ్లే ఇప్పించారు.

కాకకు చెబితే, "సూడు మరి. నీ అబద్ధం ఒక్క మాటకు నమ్మిరి," అన్నాడు. పాలు తేవడం లేదు. గట్టు దగ్గర ఎదురైతే మాట్లాడతాడు, వానల గురించి, పల్లి గురించి. సారు అనడం మానేశాడు. ఏమీ పెట్టి పిలవడు.

అందుకే ఇది రాశాను. మూత, బకెట్, గంటలు ఎన్నో, అన్నీ రాశాను. రాసినదాన్ని నమ్ముతారేమో అని.

మొదట మా బిడ్డకు ఇచ్చాను. ఇప్పుడు పదో తరగతి. కుక్క పోయిన దగ్గర్నుంచి అవసరమైతే తప్ప నాతో మాట్లాడదు. కాగితాలు తీసుకుపోయి, సాయంత్రం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఒకటి రాయలేదు నువ్వు," అంది. "మేడం మల్లొకసారి యాది చేసుకోండి అన్నప్పుడు నేను నీ పక్కకే ఉన్న. నీ చెయ్యి పట్టుకొని ఉన్న. నువ్వు ఏం లేదు అనుకుంట నా చెయ్యి ఎంత గట్టిగ వత్తినవంటే, నొప్పి లేసింది. కుక్క గురించి భయపడుతున్నవనుకున్న డాడీ నేను."

నాకు ఆ సంగతి గుర్తు లేదు. అయినా అది జరిగిందనే రాస్తున్నాను.